నష్టాల పెద్దాయన

చిత్తూరు బస్టాండు ఎదురుగా ఆయన ఫ్లెక్సీ కట్టారు. నిలువెత్తు ఫొటో, తెల్ల జుబ్బా, జోడించిన చేతులు. కింద లావుపాటి అక్షరాలతో ‘నష్టాలకు వెరవక ప్రాణాలు నిలిపిన సేవామూర్తికి అశ్రునివాళి’ అని రాయించారు. టీ తాగుతూ అది చదివాను. పొలమారి టీ అంతా చొక్కా మీద పడింది. పక్కనున్నాయన నా వీపు నిమిరి, "బాగా కావాల్సినాయనా సార్?" అన్నాడు జాలిగా. తలూపి ఊరుకున్నాను. ఏమని చెప్పను? ఆ మనిషిని తిట్టుకోకుండా తలుచుకున్న రోజు నాకు లేదు. తిట్టుకుంటూ నవ్వుకోని రోజు కూడా లేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మా వైపు ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎటూ లేరు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పెట్టినప్పుడు పెద్దాయన, ఆ డబ్బుతో చిత్తూరులో ఆసుపత్రి కట్టాక కూడా పెద్దాయనే. డాక్టరు కాదు. థర్మామీటరు ఏ వైపు నోట్లో పెట్టాలో ఆయనకు తెలియదని ఆయన దగ్గర జీతం తీసుకునే డాక్టర్లే చెప్పుకుని నవ్వేవాళ్లు. కానీ ఒక్క జబ్బు విషయంలో మాత్రం ఆయనకున్న అనుభవం ఈ జిల్లాలో ఇంకెవరికీ లేదు. ఆ జబ్బు పేరు నష్టం.

"ఎట్లుండారు పెద్దాయనా?" అని మర్యాదకు అడిగినా సరే, మంచం పట్టినవాడిలా మూలిగేవాడు.

"ఏముండాది అప్పా, అంతా నష్టం. గోడలు నిలబడి ఉండాయంటే ఆ కొండమీది సామి దయ."

అంటూనే జుబ్బాకు రెండు పక్కలా ఉన్న జేబుల్ని బయటికి లాగి చూపించేవాడు. ఆ జేబుగుడ్డలు మేక చెవుల్లా వేలాడేవి. చూడాల్సినవాళ్లందరూ చూశారని నమ్మకం కుదిరాకే తిరిగి లోపలికి దోపుకునేవాడు. జుబ్బా జేబులో డబ్బు పెట్టుకునే అలవాటు ఆయనకు ఏనాడూ లేదని అందరికీ తెలుసు. అయినా ఆ ఖాళీ జేబుల్ని చూసి ‘అయ్యో’ అనేవాళ్లు మాత్రం ఎప్పుడూ తగ్గలేదు.

జేబుల తర్వాత చెప్పులు. "నాదంటూ ఏముండాది? నా పేరు మీద చెప్పులు గూడా లేవు," అని కాలు ముందుకు చాపేవాడు. ఆ చెప్పులకు తోలు కన్నా కుట్లే ఎక్కువ. ఆ మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆయన జీవితంలో చెప్పిన ఒకే ఒక్క నిజం అదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయనకు కారు ఉండేది. మంచి కారే. చిత్తూరు నుంచి బంగారుపాళ్యం వచ్చేటప్పుడు ఊరు ఇంకా రాకముందే ఫ్యాక్టరీ దగ్గర దాన్ని ఆపించి, షేర్ ఆటో ఎక్కి జనంతో పాటు దిగేవాడు. ఆటోవాడికి చిల్లర లేదని చెప్పి అక్కడున్న ఎవరిచేతనో ఇప్పించేవాడు. ఆయన గదిలో ఏసీ కూడా ఉండేది. ఎవరైనా చందాకో, జీతం పెంచమనో వస్తున్నారని కబురు రాగానే దాన్ని ఆపి, తువ్వాలుతో విసురుకుంటూ కూర్చునేవాడు. వచ్చినవాళ్ల చర్మానికి చల్లదనం తెలియదనుకునేవాడేమో. వాళ్లు కూడా తెలియనట్టే కూర్చుని, ఉత్త చేతులతో తిరిగి వెళ్లేవాళ్లు.

ఈ విద్య ఆసుపత్రిలో మొదలవలేదు. మామిడి దగ్గర మొదలైంది. మా నాయన ట్రాక్టరు నిండా తోతాపురి కాయలు వేసుకుని ఆ ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో పడిగాపులు కాసేవాడు. ఎండకు కాయలు మెత్తబడే దాకా ఆగి, అప్పుడు బయటికి వచ్చేవాడు పెద్దాయన. కాయ చేతిలోకి తీసుకుని, చచ్చినవాడి ముఖం చూసినట్టు చూసేవాడు.

"ధర లేదప్పా ఈ ఏడు. గుజ్జు అడిగేవాడే లేడు. తీసుకుంటే నాకు నష్టం. మనోడివి, ఎట్ల వద్దనేది? దించు."

మా నాయన ఆయనకు నష్టం తెచ్చిపెడుతున్నందుకు నిజంగానే నొచ్చుకునేవాడు. ఇంటికి వచ్చి, "పాపం పెద్దాయన," అనేవాడు అన్నం తింటూ. ఆ ఏడాది నష్టానికి ఫ్యాక్టరీలో ఒక కొత్త షెడ్డు లేచేది. మరుసటి ఏడాది నష్టానికి ఇంకో షెడ్డు. షెడ్లు కట్టడానికి చోటు చాలక చివరికి ఆసుపత్రి కట్టాడు. అక్కడ కూడా అదే వరస, నష్టం వచ్చినప్పుడల్లా ఒక అంతస్తు.

ఆసుపత్రి హాల్లో, మందుల కౌంటరు పక్కన, గాజు హుండీ ఒకటి పెట్టించాడు. ‘నష్టాల్లో ఉన్న మీ ఆసుపత్రికి చేయూతనివ్వండి’ అని దాని మీద చీటీ. బిల్లు కట్టి, మిగిలిన చిల్లర చేతిలో పట్టుకుని వస్తున్న ముసలమ్మలు దాని ముందు ఆగి, కళ్లకద్దుకుని మరీ అందులో వేసేవాళ్లు. నేను చిత్తూరులో డిగ్రీ కాలేజీలో కామర్సు చెప్పేవాడిని, మా వైపు వాళ్లకు అయ్యోరుని. పుస్తకాల్లో లేని ఆదాయ మార్గం ఒకటి ఆ హాల్లో నేర్చుకున్నాను.

ఇంతవరకూ ఆయన నాకు నవ్వులాటే. బంగారుపాళ్యంలో ఆయన శాఖ ఆసుపత్రి ఒకటి ఉంది. దానిలో కాన్పుల వార్డు ఉంది. ఆ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లకు అదే దిక్కు. మా చెల్లెలు చెంగమ్మది ఆ పక్క ఊరే. దాని కూతురు మునిలక్ష్మికి తొలి కాన్పు, నెలలు నిండుతున్నాయి, రక్తపోటు ఎక్కువగా ఉందని, నొప్పులు మొదలైతే ఆలస్యం చేయవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. సరిగ్గా అప్పుడు ఆ వార్డు తలుపు మీద కాగితం అతికించారు. నష్టాలు భరించలేక వార్డు మూసేస్తున్నామని, ఇక మీదట కాన్పులకు చిత్తూరు రావాలని.

అది మామిడికాయల కాలం. హైవే మీద గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉంటాయి. నొప్పులు పడే పిల్లను ఆటోలో వేసుకుని ఆ వరసలో నిలబడడం ఎలా ఉంటుందో మగవాడినైన నాకే ఊహించుకుంటే చెమటలు పట్టాయి. ట్రాక్టర్లు ఎవరి గేటు ముందు నిలబడతాయో వేరే చెప్పక్కర్లేదు.

"అన్నా, నువ్వు కాలేజీలో లెక్కలు చెప్తావు గదా. వాళ్లకు నిజంగా నష్టమా కాదా, అదన్నా చెప్పు," అంది చెంగమ్మ. "నిజంగా నష్టమైతే ఏమీ అనను. మా నాయన మాదిరి నేను గూడా పాపం అంటాను."

చూశాను. నేను చేసిన పనిలో గొప్పేమీ లేదు, ఎవరి బీరువా పగలగొట్టలేదు, ఎవరికీ లంచం ఇవ్వలేదు. అన్నీ ప్రభుత్వం వాళ్లో, కంపెనీల వాళ్లో జనం చూడడానికి బాహాటంగా పెట్టిన కాగితాలే. బ్యాంకు దగ్గర పెద్ద అప్పు తీసుకునే కంపెనీకి రేటింగు సంస్థ ఒకటి మార్కులు వేస్తుంది, ఎందుకు వేసిందో తన వెబ్‌సైటులో రాసి పెడుతుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది, ఉచితం. తెరిచి చూస్తే కళ్లు తిరిగాయి. ఆదాయం ఏటేటా పెరుగుతోందట. మంచాలు ఎప్పుడూ దాదాపు నిండే ఉంటాయట. బంగారుపాళ్యంలోని కాన్పుల వార్డు నికరమైన రాబడి ఇస్తోందట. ఇవన్నీ ఆ సంస్థకు చెప్పింది ఎవరు? యాజమాన్యం. అంటే మన ఖాళీ జేబుల పెద్దాయన. తెలుగులో నష్టం, ఇంగ్లీషులో లాభం.

బ్యాంకును మెప్పించడానికి చెప్పిన మాటను అలాగే నమ్మేయకూడదని నా విద్యార్థులకు నేనే చెబుతాను. అందుకని కంపెనీలు ఏటా కేంద్ర ప్రభుత్వానికి దాఖలు చేసే లెక్కలు కూడా తీశాను. కాస్త రుసుము కడితే అవి ఎవరికైనా ఇస్తారు. అందులోనూ లాభమే. ఒక్క ఏడాది మాత్రం చిన్న నష్టం కనిపించింది. ఎందుకంటే కొత్త స్కానింగు యంత్రం అరుగుదల కింద పెద్ద మొత్తం ఖర్చుగా రాసుకున్నారు, ఆసుపత్రి భవనానికి అద్దె కూడా ఒక్కసారిగా పెంచారు. ఆ అద్దె ఎవరికి కడుతున్నారయ్యా అంటే, భవనం యజమాని అయిన ఆయన కొడుక్కి. కుడి చేతిలోది ఎడమ చేతికి ఇచ్చి, కుడి చేయి ఖాళీ అయిపోయిందని ఏడ్చాడన్నమాట.

మంచాల సంగతి ఇంకా ముచ్చట. ఆసుపత్రి చెత్త తీసుకెళ్లేవాళ్లకు మంచాల లెక్కన డబ్బు కట్టాలి. అందుకని కాలుష్య మండలి కాగితాల్లో ఆ ఆసుపత్రిలో మంచాలు సగమే ఉన్నాయి. పేదల ఆరోగ్య బీమా కింద గుర్తింపు తెచ్చుకునే చోట అవే మంచాలు రెట్టింపయ్యాయి. బ్యాంకు ముందు వరండాలోని బల్లలు కూడా మంచాలయ్యాయి. అడిగేవాడు డబ్బు తీసుకునేవాడా, ఇచ్చేవాడా అనేదాన్ని బట్టి ఆ ఆసుపత్రి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. ఆ కాగితాల్ని పక్కపక్కన పెట్టి చూసేవాడు ఉంటాడని ఆయనకు తోచలేదు.

వాటాదారుల పేర్లు కూడా ఆ లెక్కల్లోనే ఉన్నాయి. సగానికి పైగా వాటాలు ఆయన భార్య పేరు మీద. భవనం కొడుకు పేరు మీద, కారు కంపెనీ పేరు మీద. ఏ అధికారి వచ్చి అడిగినా జేబులు లాగి చూపించడానికి వీలుగా, పెద్దాయన తన పేరు మీద ఏమీ పెట్టుకోలేదు. నా పేరు మీద చెప్పులు కూడా లేవన్న మాట అక్షరాలా నిజం.

వార్డు గురించి మాట్లాడడానికి బంగారుపాళ్యం శాఖ ఆవరణలో షామియానా వేశారు. పల్లెల జనం చాలామందే వచ్చారు, ఎక్కువమంది ఆడవాళ్లు. మునిలక్ష్మి కూడా వచ్చింది, నిండు కడుపుతో, ముందు వరసలో. పెద్దాయన షేర్ ఆటోలో దిగాడు. మైకు అందుకుని గొంతు వణికించాడు.

"మీకు తెలీందేముండాది? పెండ్లాం మెళ్లో నగలు గూడా కుదవ పెట్టి నడిపిస్తా ఉండాను ఈ ఆసుపత్రి. ఇంక నా వల్ల కాదు తల్లీ." జేబులు బయటికి వచ్చాయి. వెనకాల ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. ఆయన పక్కన కుర్చీలో కూర్చున్న ఆయన భార్య, మెడలోని నగల మీదికి కొంగు కప్పుకుంది.

నేను లేచి, ఆయన ఇంగ్లీషులో చెప్పుకున్న మాటల్ని తెలుగులో చదివాను. అంతే చేశాను. ఈ ఏడు లాభం ఇంత, పోయినేడు ఇంత, కాన్పుల వార్డు నికరమైన రాబడి అని. గొంతు పెంచలేదు, తిట్టలేదు. ఆయన కోప్పడతాడని, కాగితాలు అబద్ధమంటాడని అనుకున్నాను. అందుకు జవాబులు కూడా సిద్ధం చేసుకుని వెళ్లాను.

ఆయన అబద్ధమనలేదు. ముఖం పాలిపోయింది. రెండు చేతులూ ఎత్తి నా నోరు మూయడానికి పరిగెత్తుకు వచ్చినట్టు వచ్చాడు.

"అయ్యోరూ, అయ్యోరూ! ఇందరి ముందర నోరారా చెప్తావా ఆ మాట? ఇంతమంది కండ్లు! దిష్టి తగలదా? బిడ్డా పాపా ఉండే ఇల్లు గదా నాది!"

షామియానా కింద ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆయన ఆవరణంతా కలియచూసి, వాచ్‌మన్‌ను కేకేశాడు. "పోరా, ఉప్పు దెచ్చుకో, ఎండు మిరపకాయలు దెచ్చుకో. మంచి బూడిద గుమ్మడికాయ చూసి తే. బిన్నా పోరా!"

అందరికంటే ముందు నవ్వింది మా చెంగమ్మ. లేచి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని అంది.

"ఏం పెద్దాయనా, నష్టానికి దిష్టి తీస్తారా ఎవురైనా?"

ఆ నవ్వు షామియానా చివరి దాకా పాకింది. ముక్కు చీదిన ఆడమనిషి కూడా నవ్వింది. నిండు కడుపు పట్టుకుని మునిలక్ష్మి నవ్వలేక నవ్వుతూ, "అమ్మా, చాలే, నొప్పులొస్తాయి," అంది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. నవ్వడానికి ఆయనకు తీరికెక్కడిది? గుమ్మడికాయ వచ్చింది. దాని మీద కర్పూరం వెలిగించి, భవనానికి మూడు చుట్లు తిప్పించి, గేటు ముందు బద్దలు కొట్టించాడు. ఎర్రటి కుంకుమ నీళ్లు హైవే దాకా పారాయి. అంత లాభం పొందిన భవనానికి అంత మాత్రం ఖర్చు తప్పదు.

ఆ తర్వాత వార్డు మూస్తామని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. లాభం లేదంటే దిష్టి ఎందుకు తీశావంటారు. దిష్టి తీయలేదందామా అంటే గుమ్మడి పెచ్చులు గేటు ముందే ఉన్నాయి. కాగితాన్ని ఆయనే చింపేశాడు. మునిలక్ష్మికి ఆ వార్డులోనే కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు అంగన్‌వాడీకి పోతున్నాడు.

అంతటితో నా మీద పగబడతాడనుకున్నాను. అదీ లేదు. కొన్నాళ్లకు తిరుపతిలో ఒక పెళ్లిలో కనిపించి, భోజనాల దగ్గర నన్ను పక్కకు లాగాడు.

"అయ్యోరూ, నిజం చెప్పు. ఆ ఇంగ్లీషు కాగితం నీకు యాడ దొరికింది? బ్యాంకోడు అమ్ముకున్నాడా?"

"అది అందరికీ కనిపించేదే పెద్దాయనా. ఫోన్లో కూడా వస్తుంది."

"తాళం ల్యా?"

"లేదు."

"అంటే రాత్రంతా అంగడి తలుపు బార్లా తెరిచి పెట్టి పండుకున్నట్టే గదప్పా నేను!" కాసేపు బాధపడ్డాడు. తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "అయితే ఈ తిరుపతిలో నాకు పోటీగా ఉండాడే, వాడి ఆసుపత్రిది గూడా సూడొచ్చా?"

చూపించాను. తలుచుకుంటే నా తెలివికి నాకే నవ్వొస్తుంది కానీ, ఆ ఉత్సాహానికి అడ్డు చెప్పలేకపోయాను. పాయసం గిన్నె పక్కన పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, నేను తెలుగులో చెబుతున్నది పిల్లవాడిలా విన్నాడు. ఆ పోటీ ఆసుపత్రి ఆ ఏడాది నష్టం చూపించింది. పెద్ద నష్టం. వినగానే పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి.

"అంత నష్టమా? వాడికి అంత నష్టం యాడిదబ్బా? నా సగం లేడు వాడు! దొంగనాయాలు, నాకన్నా జాస్తి నష్టం రాసుకుంటాడా!"

లాభంలో తనను మించినవాణ్ని చూసి కుళ్లుకునేవాళ్లు ఊరికొకరు ఉంటారు. నష్టంలో మించినవాణ్ని చూసి తిండి మానేసిన మనిషిని ఆయన్ని ఒక్కణ్నే చూశాను. పాయసం అలాగే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ పెళ్లి కానుక కవరు ఆయన ఇచ్చాడో లేదో నాకు తెలియదు. ఇచ్చి ఉండడనే నా నమ్మకం.

ఇప్పుడు ఆయన పోయాడు. నిద్రలోనే పోయాడట, ఆసుపత్రి అవసరం రాలేదు. తన ఆసుపత్రిలో తాను బిల్లు కట్టే గతి రాకుండా చూసుకున్నాడని చిత్తూరులో చెప్పుకుంటున్నారు.

ఫ్లెక్సీ చూసిన రోజే చెంగమ్మ ఫోన్ చేసింది. "అన్నా, మళ్లీ కాగితం అంటించినారు తలుపు మీద." మునిలక్ష్మికి రెండో కాన్పు, ఈ నెలలోనే. రక్తపోటు ఈసారి మొదటిసారి కన్నా ఎక్కువ. కాగితం మీద ఈసారి నష్టం అనే మాట లేదట. ‘సేవల పునర్వ్యవస్థీకరణ’ అని ఉందట. ఆ మాట చదవలేక చెంగమ్మ ఫొటో తీసి పంపింది. కింద సంతకం కొడుకుది.

కొడుకును చిన్నాయన అంటారు. బెంగుళూరులో మేనేజిమెంటు చదివి వచ్చాడు. జుబ్బా వేయడు. జేబులు లాగడు. మాటకు ముందు సార్, మాటకు వెనక సార్. కర్మకాండ ముగిశాక బంగారుపాళ్యం శాఖ ఆవరణలో సంతాప సభ పెట్టాడు. అదే చోటు, అలాంటిదే షామియానా. మధ్యలో పెద్దాయన ఫొటోకు దండ. గేటుకు ఆయన కట్టించిన నిమ్మకాయ, మిరపకాయల దండ ఎండిపోయి ఇంకా వేలాడుతోంది.

చిన్నాయన మైకు ముందు నిలబడి నాన్నగారి సేవల్ని పొగిడాడు. తర్వాత ఏ తడబాటూ లేకుండా అన్నాడు: "మన సంస్థ ఇవాళ మంచి లాభాల్లో ఉంది. ఎప్పుడూ లేనంత లాభం. ఈ ఊపులోనే ముందుకెళ్లాలి. ఇక్కడ కాన్పుల వార్డు స్థలంలో స్కానింగ్ సెంటర్ వస్తుంది. ఒక మంచం మీద వచ్చే ఆదాయం పోల్చి చూస్తే అది చాలా మేలు. మీరందరూ అర్థం చేసుకోవాలి."

నేను జేబులో పెట్టుకు తెచ్చిన కాగితాలు జేబులోనే ఉండిపోయాయి. వీడితో ఏం వాదిస్తాం? నేను చదవాల్సిందంతా వాడే చదివేశాడు. తండ్రికి నిజం బయటపడుతుందని భయం ఉండేది, ఆ భయం మీద ఒక వార్డు నిలబడింది. కొడుక్కి సిగ్గూ లేదు, దిష్టీ లేదు. నాకు తల తిరిగినంత కోపం వచ్చింది. ఆ ముసలి దొంగ బతికుంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకున్నాను. అలా అనుకోవాల్సి వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

చెంగమ్మ లేచింది. మైకు దగ్గరికి పోలేదు. నేరుగా ఫొటో ముందుకు పోయి, బతికున్నవాడితో మాట్లాడినట్టే మొదలుపెట్టింది.

"విన్నావా పెద్దాయనా? నీ కొడుకు ఊరందరి ముందర లాభం, లాభం అని అరస్తా ఉండాడు. నువ్వు జీవితమంతా దాచిపెట్టిన మాట! ఇన్ని కండ్లు పడినాయే, ఒక గుమ్మడికాయ కొట్టే దిక్కు గూడా ల్యాకపోయెనే నీ ఇంటికి!"

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన భార్య ఉలిక్కిపడి లేచింది. అప్పటిదాకా తల వంచుకుని ఉన్న మనిషి. కొడుకు వైపు చూసింది, జనం వైపు చూసింది. గబగబా నా దగ్గరికి వచ్చింది.

"నాయనా అయ్యోరూ, వాడు చెప్పింది నిజమా? ఎప్పుడూ లేనంత లాభమా?"

"లాభమేనమ్మా."

"అయ్యో సామీ! మెల్లగా చెప్పు నాయనా, మెల్లగా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వార్డు మూస్తే ఈ ఆడబిడ్డల నోట్లో పడేది మేమే గదా. వానికి ఎంత చెప్పినా వినడు. ఈ ఇంట్లో నా మాట ఎవురు వింటారు? నాదేముండాది ఈడ?"

చిన్నాయన ఆమె చేయి పట్టుకోబోయాడు. "అమ్మా, ఎండలో నిలబడొద్దు, కూర్చో."

నేను ఆ కాగితం జేబులోంచి తీశాను. "అమ్మా, ఈ ఆసుపత్రిలో సగానికి పైగా వాటా మీ పేరు మీదే ఉంది. ప్రభుత్వం దగ్గర అలాగే రాసి ఉంది. ఎవరైనా చూడొచ్చు. మీరు ఒప్పుకోకుండా మీ అబ్బాయి ఇక్కడ ఏదీ మార్చలేడు."

"నా పేరు మీదా?" ఆమె కాగితం వైపు కాకుండా ఫొటో వైపు చూసింది. "నా పేరు మీద చెప్పులు గూడా లేవంటా ఉండెనే ఆయన?"

"ఆయన పేరు మీద లేవమ్మా. మీ పేరు మీద ఉన్నాయి."

"సంతకం పెట్టమంటే పెడతా ఉంటిని నాయనా. ఏం కాగితమో ఎప్పుడూ అడగలా," అంది ఆమె. అప్పుడు ఆమె కళ్లు మునిలక్ష్మి కడుపు మీద పడ్డాయి.

"ఎన్నో నెల మే నీకు?"

"ఇదే నెలమ్మా," అంది మునిలక్ష్మి.

"ఈడనే కాన్పు చేసుకుందువులే." కొడుకు వైపు తిరిగింది. "ఒరే, ఆ కాగితం నువ్వే పోయి చించు. నేను చెప్తా ఉండాను, ఈ వార్డు మూసేది లే. ఇంక నాకు చూపించకుండా ఏ కాగితమూ అంటించొద్దు. ముందు ఎవురినన్నా పంపించి గుమ్మడికాయ తెప్పించు. మంచిది చూసి తెమ్మను. లాభానికి తగ్గట్టు ఉండాల."

చిన్నాయన తల్లి వైపు చూశాడు, నా చేతిలో కాగితం వైపు చూశాడు, మళ్లీ తల్లి వైపు చూశాడు. వార్డు తలుపు వైపు నడుచుకుంటూ వెళ్లాడు. ఇన్నేళ్లుగా పెద్దాయన నోటి మాటగానే విన్న నష్టాన్ని, ఆ రోజు మొదటిసారి ఆయన కొడుకు ముఖంలో చూశాను.